పందుల పేరు పెట్టుకున్న నాచు

నార్వే పడమటి తీరంలో ఆటు వేళ సముద్రం వెనక్కి తగ్గితే బండలు బయటపడవు. బండలను కప్పుకున్న నాచు బయటపడుతుంది. పసుపూ గోధుమా కలిసిన రంగు, తోలుపట్టీల్లాంటి పొడవాటి కాడలు, కాడ మీద అక్కడక్కడా గుడ్డు ఆకారంలో ఉబ్బిన గాలిబుడగలు. కాడ కాస్త ముదిరాక ఏడాదికొక బుడగ పుడుతుంది. వాటిని లెక్కపెడితే ఆ కాడ వయసు దాదాపుగా తెలిసిపోతుంది. పోటు రాగానే ఆ బుడగలే కాడలను నీళ్లలో పైకెత్తి నిలబెడతాయి. శాస్త్రజ్ఞులు దీన్ని ఆస్కోఫిల్లం నోడోసం అంటారు. తీరంలో పుట్టి పెరిగినవాళ్లు మాత్రం గ్రీసెతాంగ్ అంటారు. గ్రీస్ అంటే పంది, తాంగ్ అంటే బండలను పట్టుకుని పెరిగే నాచు. పంది నాచు అన్నమాట. అదే ఒడ్డున ఇంకొంచెం ఎత్తున, కాలువలా ముడుచుకున్న సన్నటి ఆకులతో మరో రకం పెరుగుతుంది. దాని పేరు సౌవెతాంగ్, అంటే గొర్రె నాచు. బాల్టిక్ సముద్రంలోని గోట్‌లాండ్ దీవిలో ఇంకో రకం నాచుకు స్వీన్‌తోంగ్ అనే పేరుంది. అదీ పంది నాచే.

ఇన్ని తీరాల్లో ఇలాంటి పేర్లు ఊరికే పుట్టవు. మన చెరువుల్లోని గుర్రపుడెక్కకు ఆకు వాలకం చూసి ఆ పేరు పెట్టారంటారు. ఈ నాచుకు పేరు మేత తొట్టిలోంచి వచ్చింది. ఇవాళ యూరప్‌లో పాలు మాన్పించిన పందిపిల్లల కోసం అమ్మే దాణాల్లో కొన్నిట సముద్రపు నాచు సారం ఉంటుంది. పేగు ఆరోగ్యానికి, ఎదుగుదలకు మంచిదని చెప్పి అమ్ముతారు. వినేవారికి ఇది ఈమధ్య కనిపెట్టిన సంగతిలా తోస్తుంది. నిజానికి నాచుకూ పందికీ ఉన్న చుట్టరికానికి దాదాపు మూడు శతాబ్దాల వయసుంది. మధ్యలో ఆ చుట్టరికం తెగింది. మళ్లీ కలిసేసరికి నాచు రూపం మారిపోయింది, దాన్ని తొట్టిలో వెయ్యడానికి కారణం కూడా మారిపోయింది.

1741 వేసవిలో కార్ల్ లిన్నేయస్ ఆరుగురు విద్యార్థులను వెంటబెట్టుకుని ఓలాండ్, గోట్‌లాండ్ దీవులకు బయల్దేరాడు. మొక్కలకూ జంతువులకూ రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతిని తర్వాతి కాలంలో ప్రపంచానికి అలవాటు చేసినవాడు ఇతనే. అప్పటికి వయసు 34. ఆ యాత్ర స్వీడన్ పార్లమెంటు పురమాయించింది. రంగులిచ్చే మొక్కలు, పింగాణీకి పనికొచ్చే మట్టి, బయటి దేశాల నుంచి కొంటున్న మందుమొక్కలు సొంతగడ్డ మీదే దొరుకుతాయేమో చూసి రమ్మన్నారు. అతను అంతటితో ఆగే మనిషి కాడు. పల్లెవాళ్లు ఏం తింటున్నారు, ఇల్లు దేనితో కప్పుకుంటున్నారు, పశువులకు ఏం పెడుతున్నారు అనేవి కూడా అడిగి తెలుసుకునేవాడు. గోట్‌లాండ్ వాసులు బుడగల నాచును నీళ్లలో ఉడకబెట్టి, అందులో కాస్త ముతక పిండి కలిపి పందులకు పెట్టేవారని, అందుకే దాన్ని పంది నాచు అనేవారని అతని మాటగానే లోకానికి తెలిసింది. జాన్ లైట్‌ఫుట్ అనే ఆంగ్లేయ మతాచార్యుడు 1777లో అచ్చయిన తన స్కాట్లండ్ వృక్షగ్రంథం ఫ్లోరా స్కాటికాలో ఆ సంగతిని లిన్నేయస్ పేరు చెప్పి మళ్లీ రాశాడు.

తెలుగు పాఠకుడికి ఈ వంటకం వేరే వివరించనక్కర్లేదు. అది కుడితి. బియ్యం కడిగిన నీళ్లు, గంజి, తవుడు కలిపి మన ఇళ్లలో పశువుకు పెట్టినట్టే, గోట్‌లాండ్ ఇల్లాలు నాచు నీళ్లలో పిండి కలిపి పందికి పెట్టింది. ఉడకబెట్టడంలో ఇంగితం ఉంది. ఆవుకూ గొర్రెకూ ఉన్నట్టు పందికి నాలుగు గదుల పొట్ట లేదు. పచ్చి నాచులోని గట్టి పదార్థాలను సొంతంగా అరిగించుకోగల శక్తి దానికి తక్కువ. వేడినీళ్లు ఆ పనిలో కొంత ముందే చేసిపెడతాయి. బాల్టిక్‌లో ఆటుపోట్లు దాదాపు ఉండవు, నీళ్లలో ఉప్పూ తక్కువే. తుపాను గాలికి నాచు కుప్పలు కుప్పలుగా ఒడ్డుకు కొట్టుకొస్తుంది. చలికాలం పొడుగైనది, గడ్డి అయిపోతుంది, ధాన్యం మనుషులకే చాలదు. అలాంటి చోట ఒడ్డున పడి ఉన్న కుప్ప వైపు చూపు పోవడంలో వింతేముంది?

కరువులో నాచును ఆశ్రయించడం ఇంకా పాత సంగతి. క్రీస్తుపూర్వం 46లో ఇప్పటి ట్యునీసియా తీరాన రుస్పినా దగ్గర జూలియస్ సీజర్ సేన చిక్కుకుపోయింది. గుర్రాలకు మేత లేదు. అనుభవమున్న పాత సైనికులు ఒడ్డున పడిన నాచు ఏరుకొచ్చి, మంచినీళ్లతో ఉప్పు కడిగి, ఆకలితో ఉన్న పశువులకు పెట్టి వాటి ప్రాణాలు నిలబెట్టారని ఆఫ్రికా యుద్ధాన్ని గురించిన లాటిన్ గ్రంథం చెబుతుంది. కడిగి పెట్టాలన్న తెలివి అప్పటికే ఉంది.

లైట్‌ఫుట్ స్వయంగా 1772లో థామస్ పెనంట్‌తో కలిసి స్కాట్లండ్ పడమటి దీవులు తిరిగాడు. జురా, స్కై దీవుల్లో చలికాలంలో పశువులు ఆటు సమయం తెలిసినట్టు వేళకు ఒడ్డుకు దిగి నాచు మేసేవని రాశాడు. తోలేవాడు అక్కర్లేదు. ఆటుకు దిగి, పోటుకు తిరిగొచ్చే అలాంటి మంద ఇప్పటికీ ఒకచోట మిగిలి ఉంది. పందుల కథే అయినా ఆ చోటు గురించి ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. నాచు మేత ఒక జంతువు ఒంటిని ఎంతదాకా మార్చగలదో కళ్లారా చూపించే ఊరు అది.

స్కాట్లండ్‌కు ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో చిట్టచివరిది నార్త్ రోనల్డ్సే. 1832లో ఆ దీవి చుట్టూ ఒక రాతి గోడ కట్టారు. సున్నం, మట్టి ఏమీ లేని ఒట్టి రాళ్ల పేర్పు, మనిషెత్తు, దాదాపు 20 కిలోమీటర్ల పొడవు. పొలాన్ని సముద్రం నుంచి కాపాడే కట్ట అనుకుంటారు చూసినవారు. గొర్రెలను పొలంలోకి రాకుండా సముద్రం వైపే ఉంచడానికి కట్టిన గోడ అది. లోపలి గడ్డి, పంట ఆవులకూ మనుషులకూ. గోడ అవతలి బండలు, నాచు గొర్రెలకు. అప్పటినుంచి ఆ గొర్రెలు ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రపు నాచు తిని బతుకుతున్నాయి. ఆటు వచ్చినప్పుడు మేస్తాయి, పోటు వచ్చినప్పుడు గోడ పక్కన పడుకుని నెమరేస్తాయి. వాటి దినచర్యను నడిపేది చంద్రుడు. చలికాలంలో తుపాన్లు లోతునుంచి నాచును పెకలించి ఒడ్డున పడేస్తాయి గనుక మిగతా గొర్రెలు చిక్కిపోయే కాలంలో ఇవి కండపడతాయి. ఈనే రోజుల్లో మాత్రం తల్లులను గోడ లోపలికి తెచ్చి గడ్డి మీద ఉంచుతారు.

దీనికి ఆ గొర్రెలు చెల్లిస్తున్న మూల్యం ఒకటుంది. నాచులో రాగి చాలా తక్కువ. దొరికిన కాస్త రాగినీ పూర్తిగా పీల్చుకునేలా వాటి పేగు అలవాటు పడిపోయింది. ఇప్పుడు వాటిని మామూలు పచ్చికబయలులో వదిలితే, మిగతా గొర్రెలకు ఏమీ చెయ్యని రాగి వీటికి విషమవుతుంది. మేత పేగును మలుస్తుందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు. దాపుల్లోనే ఉన్న హోమ్ ఆఫ్ పాపా వెస్ట్రే అనే చిన్న దీవిలో కొత్తరాతియుగం నాటి గొర్రెల పళ్లు దొరికాయి. ఆ పళ్ల పింగాణీలోని ఐసోటోపులను కొలిచిన పరిశోధకులు, సుమారు 5,000 ఏళ్ల కిందటే ఆ గొర్రెలు చలికాలంలో నాచు తిన్నాయని తేల్చారు. 1832 నాటి గోడ అంతకుముందే ఉన్న అలవాటుకు కట్టిన దడి మాత్రమే.

ఆ గోడ ఆ కాలంలోనే ఎందుకు లేచిందో తెలియాలంటే బూడిద కథ వినాలి. 1722లో ఆర్క్నీలో నాచును కాల్చి బూడిద చేసే పని మొదలైంది. స్ట్రాన్సే దీవిలో జేమ్స్ ఫీ అనే భూస్వామి దీనికి నాంది పలికాడు. ఒడ్డున రాళ్లు పేర్చిన గుంటల్లో ఎండిన నాచు కాలిస్తే అడుగున గట్టి బూడిద ముద్ద మిగులుతుంది. దాన్ని కెల్ప్ అనేవారు. గాజుకూ సబ్బుకూ కావలసిన సోడా అందులో ఉంది. ఒక టన్ను బూడిదకు సుమారు 20 టన్నుల పచ్చి నాచు కావాలి. 1742లో స్ట్రాన్సేలో జనం తిరగబడ్డారు. ఆ పొగకు చేపలు పారిపోతున్నాయని, పశువులు జబ్బుపడుతున్నాయని వాళ్ల గోడు. అల్లరి అణిగింది, పొగ ఆగలేదు. నెపోలియన్ యుద్ధాల కాలంలో బయటి సోడా రాక తగ్గి కెల్ప్ ధర ఆకాశానికి ఎక్కింది. పశువు నోటికి అందాల్సిన నాచు భూస్వామి గుంటలోకి పోయింది. యుద్ధాలు ముగిశాక దిగుమతి సుంకాలు తగ్గాయి, 1830 నాటికి ఆ వ్యాపారం కుప్పకూలింది. భూస్వాములకు మళ్లీ పొలం గుర్తొచ్చింది, పొలంలోంచి గొర్రెలను బయటికి నెట్టే గోడ లేచింది.

బూడిద ఇంకొక దారి కూడా తెరిచింది. 1811లో ఫ్రాన్స్‌లో బెర్నార్ కూర్త్వా అనే రసాయనవేత్త తుపాకీమందుకు కావలసిన సురేకారం తయారు చేస్తూ, నాచు బూడిదలో గంధకామ్లం ఎక్కువ పోశాడు. ఊదారంగు ఆవిరి లేచింది. చల్లటి చోట అది నల్లటి పలుకులుగా గడ్డకట్టింది. అదే అయోడిన్. ఇక రసాయనవేత్తలు నాచును విప్పి చూడటం మానలేదు. 1880ల తొలినాళ్లలో స్కాట్లండ్‌లో స్టాన్‌ఫర్డ్ ఆల్జినిక్ ఆమ్లాన్ని బయటికి తీశాడు. 1885లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ష్మీడెబెర్గ్ లామినారిన్ అనే పిండిపదార్థాన్ని వర్ణించాడు. 1913లో స్వీడన్‌కు చెందిన హరాల్డ్ కైలిన్ గోధుమరంగు నాచుల జిగురులోంచి ఫ్యూకోయిడాన్‌ను వేరుచేశాడు. పందులతో వీళ్లకు పని లేదు. అయితే వందేళ్ల తర్వాత పంది పేగు గురించి మాట్లాడేవాళ్లందరి నోటా వినిపించే రెండు పేర్లు లామినారిన్, ఫ్యూకోయిడాన్.

రెండో ప్రపంచయుద్ధం నాటికి నాచు మేత పెరటి కుడితి స్థాయి దాటి కర్మాగారానికి చేరింది. నార్వేలో గ్రీసెతాంగ్‌ను ఎండబెట్టి, మరపట్టి, సంచుల్లో నింపి నాచు పిండిగా అమ్మసాగారు. 1944లో స్కాట్లండ్‌లో, 1949లో నార్వేలోని ట్రోన్‌హైమ్‌లో నాచు పరిశోధనకే ప్రత్యేకంగా సంస్థలు వెలిశాయి. ఐర్లండ్ పడమటి తీరాన కొనమారా ప్రాంతంలో, కిల్కీరన్ అనే ఊళ్లో 1947లో ప్రభుత్వ పెట్టుబడితో అర్రామారా సంస్థ పుట్టింది. మొదట ఎండిన నాచు స్కాట్లండ్‌కు ఎగుమతి చేసేవారు, తర్వాత పశువుల దాణాకూ పొలం ఎరువుకూ నాచు పిండి తయారైంది. 2014లో ఆ సంస్థ ఒక కెనడా కంపెనీ చేతికి మారింది.

కొనమారా కోతగాళ్ల పని దగ్గరనుంచి చూడదగ్గది. ఆటు మొదలవగానే మనిషి కొడవలి పట్టుకుని బండల మీదికి దిగుతాడు. నాచును మొదలంటా కొయ్యడు, అడుగున కొంత కాడ వదిలి కోస్తాడు. మళ్లీ చిగురించి కోతకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, అంతవరకూ ఆ బండ జోలికి పోడు. కోసిన నాచును తాడు చుట్టూ గుండ్రంగా పేర్చి, పెద్ద మోపుగా బిగించి కడతాడు. దాన్ని ఐరిష్ భాషలో క్లిమీన్ అంటారు. టన్నుల బరువున్న ఆ మోపును ఎత్తే పని లేదు. ఆరు గంటలు ఆగితే పోటు వస్తుంది, నాచులోని గాలిబుడగలే మోపును తెప్పలా తేలుస్తాయి. పడవకు కట్టి రేవుకు లాక్కుపోవడమే మిగిలిన పని. ఏ బండ ఏ కుటుంబం కోసుకోవాలన్నది తరతరాలుగా వాళ్లలో వాళ్లకు తెలుసు.

ఇంత కష్టపడి చేసిన పిండి పందులకు ఏం మేలు చేసింది? యుద్ధానంతర దశాబ్దాల్లో చేసిన మేపుడు పరీక్షల ఫలితాలను ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2003లో నాచు పరిశ్రమ మీద వేసిన పుస్తకం క్రోడీకరించింది. ఏడు జతల కవల ఆవుల మీద ఏడేళ్లు చేసిన పరీక్షలో పాల దిగుబడి సగటున 6.8 శాతం పెరిగింది. గొర్రెలు చలికాలంలో బరువు బాగా నిలుపుకున్నాయి, ఉన్ని ఎక్కువ ఇచ్చాయి. కోళ్లకు పెడితే గుడ్డులో అయోడిన్ పెరగడం తప్ప వేరే లాభం లేదు. పందులకు దాణాలో 3 శాతం గ్రీసెతాంగ్ పిండి కలిపితే మాంసం దిగుబడిలో మార్పేమీ రాలేదు. పంది పేరు మోస్తున్న నాచు పందికే పని చెయ్యలేదు! గోట్‌లాండ్ ఇల్లాలి కుడితిని అవమానించే ఫలితమా ఇది? కాదనే చెప్పాలి. ఆమె కడుపు నింపడానికి పెట్టింది. పిండి చాలని రోజున నాచు పొట్టలో చోటు నింపింది, ఖనిజాలిచ్చింది. చక్కటి ధాన్యమూ సోయా తినే పందికి ఆ సాయం అవసరం లేకపోయింది.

పైగా అప్పటికే దాణా సంచిలోకి వేరే పదార్థం వచ్చి కూర్చుంది. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో రాబర్ట్ స్టోక్‌స్టాడ్, థామస్ జూక్స్ కోడిపిల్లలకు విటమిన్ బి12 కోసం ఒక చవక వనరు వెతుకుతున్నారు. ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పిని తినిపించి చూశారు. విటమిన్ లెక్కకు మించి కోడిపిల్లలు పెరిగాయి. పిప్పిలో మిగిలిన మందు చేసిన పని అది. 1950లో ఈ వార్త బయటికి వచ్చింది. పందిపిల్లలకూ అదే వర్తించింది. 1951లో అమెరికా ప్రభుత్వం పశువైద్యుడి చీటీ లేకుండానే దాణాలో యాంటీబయాటిక్‌లు కలపడానికి అనుమతించింది. చవక, తేలిక, ప్రతిసారీ ఫలితం. నాచు పిండి పక్కకు జరగక ఏమవుతుంది?

యాంటీబయాటిక్ అంత బాగా పనిచేసిన చోటు పందిపిల్ల జీవితంలో ఒక వారం. ఆ వారాన్ని అర్థం చేసుకోకపోతే తర్వాతి కథ బోధపడదు.

స్వేచ్ఛగా తిరిగే పంది తన పిల్లలకు మూడు నాలుగు నెలల వయసు వచ్చేదాకా కొద్దికొద్దిగా పాలు తగ్గిస్తూ మాన్పిస్తుంది. ఫారంలో ఆ పని మూడు నాలుగు వారాలకే, ఒక్క పూటలో జరిగిపోతుంది. పొద్దున తల్లి పొదుగు దగ్గర ఉన్న పిల్ల సాయంత్రానికి ముక్కూమొహం తెలియని పిల్లల మధ్య, పొడి దాణా ముందు నిలబడి ఉంటుంది. మొదటిరోజు చాలా పిల్లలు తినవు. తర్వాత ఆకలికి ఆగలేక ఒక్కసారిగా తింటాయి. చిన్నపేగు లోపలి గోడ మీద మఖమల్ గుడ్డ నూగులా నిలబడే సన్నటి వేళ్లు ఉంటాయి. ఆహారాన్ని పీల్చుకునేవి అవే. పాలు మాన్పించిన ఒక్కరోజులోనే వాటి ఎత్తు నాలుగో వంతు తగ్గిపోతుందని 1980లలో చేసిన పరీక్షల్లో కొలిచి చూశారు. అరగని దాణా పేగులో పులుస్తుంది. పాలతో వచ్చే రక్షణ ఆగిపోయింది, సొంత రక్షణ ఇంకా రాలేదు. ఆ సందులో ఈ.కోలై బాక్టీరియా తన సన్నటి నూలుపోగుల్లాంటి కొక్కేలతో పేగు గోడను పట్టుకుని విషం వదులుతుంది. పారుడు మొదలవుతుంది. వారం రోజుల్లో మంచి పిల్ల ఎముకల గూడవుతుంది, లేదా చచ్చిపోతుంది. చేతుల మీద పెంచినవాళ్లకు ఆ వారం ఎంత బెంగో చెప్పనలవి కాదు. దాణాలోని మందు ఆ వారాన్ని గట్టెక్కించింది.

ఆ సుఖానికి అప్పు పెరిగింది. కొద్దికొద్దిగా మందు రుచి చూసిన బాక్టీరియా మందుకు లొంగకుండా తయారైంది. 1969లో బ్రిటన్‌లో స్వాన్ కమిటీ నివేదిక దీని గురించి హెచ్చరించింది. ఎదుగుదల కోసం యాంటీబయాటిక్‌లు వాడటాన్ని స్వీడన్ 1986లో నిషేధించింది. డెన్మార్క్ పందుల రైతులు 1998లో పెద్ద పందులకు, 1999 చివరికల్లా పిల్లలకు ఆపేశారు. 2006 జనవరి 1 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా నిషేధం అమల్లోకి వచ్చింది. 2015లో చైనాలో పందుల నుంచి తీసిన ఈ.కోలైలో, మనుషులకు చివరి దిక్కుగా దాచుకున్న కోలిస్టిన్ మందునే ఎదిరించే జన్యువు బయటపడింది. ఆ జన్యువు ఒక బాక్టీరియా నుంచి మరోదానికి చేతులు మారగలదు. ఆ వార్త ప్రపంచాన్ని కుదిపింది. మన దేశం 2019 జూలైలో ఆహారం కోసం పెంచే జంతువులకు, కోళ్లకు, చేపలకు కోలిస్టిన్ వాడకూడదని ఆదేశించింది. కోళ్ల ఫారాలకూ రొయ్యల చెరువులకూ పేరుపడిన ఆంధ్ర, తెలంగాణలకు ఆ ఆదేశం దూరపు కబురు కాదు.

యాంటీబయాటిక్ పోయిన చోట యూరప్ రైతులు జింక్ ఆక్సైడ్‌ను ఇంకా గట్టిగా పట్టుకున్నారు. పాలు మాన్పించిన మొదటి రెండు వారాలు కిలో దాణాకు 2,500 మిల్లీగ్రాముల జింక్. పారుడు ఆగింది. పిల్ల ఒంటికి పట్టని జింక్ అంతా పేడలో కలిసి పొలానికి చేరింది, నేలలో పేరుకుంది. మందులకు లొంగని బాక్టీరియాకు అదీ ఊతమిచ్చింది. 2022 జూన్ 26తో, యూరోపియన్ యూనియన్ నిషేధంతో ఆ దారీ మూసుకుంది.

పాత నాచు పిండిని తిరస్కరించిన పందుల శాస్త్రం మళ్లీ ఒడ్డు వైపు చూసింది ఈ నిషేధాల నీడలోనే. యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో జాన్ ఓడొహర్టీ, టోరెస్ స్వీనీ బృందాలు అడిగిన ప్రశ్న పాతవాళ్లది కాదు. పంది ఎంత మాంసం పట్టిందని కాకుండా, ఆ ఒక్క వారంలో పేగులో ఏం జరుగుతోందని అడిగారు. గ్రీసెతాంగ్‌ను పక్కనపెట్టి, లోతు నీళ్లలో చెట్టులా పెరిగే లామినారియాను ఎంచుకున్నారు. ఆకు మొత్తం కాకుండా దానిలోని సారం తీశారు. 1885లోనూ 1913లోనూ పేర్లు పెట్టించుకున్న ఆ రెండు పదార్థాలను విడివిడిగానూ కలిపీ తూచి పెట్టారు.

లామినారిన్‌ను పంది సొంత ఎంజైములు విరగ్గొట్టలేవు. ఒకప్పుడు లోపంగా కనిపించిన ఆ గుణమే ఇక్కడ మేలు చేసింది. అరగకుండా కిందికి దిగి, అక్కడి మంచి బాక్టీరియాకు తిండి అవుతుంది. అవి దాన్ని పులియబెట్టి, పేగు గోడకు బలమిచ్చే చిన్న ఆమ్లాలు చేస్తాయి. పైగా దాని అల్లిక ఈస్ట్ గోడలోని బీటా గ్లూకాన్‌కు దగ్గరి చుట్టం. రక్షక కణాల మీదుండే గ్రాహకాలు దాన్ని గుర్తుపడతాయి. కిలో దాణాకు 300 మిల్లీగ్రాముల లామినారిన్ కలిపిన పరీక్షల్లో, పాలు మానిన పిల్లలు మేలుగా బరువు పెరిగాయి, పేడ గట్టిపడింది, ఈ.కోలై కుటుంబపు బాక్టీరియా తగ్గింది. కిలోలో 300 మిల్లీగ్రాములంటే చిటికెడు కూడా కాదు. గోట్‌లాండ్ కుండలో ఉడికిన నాచుతో దీన్ని పోల్చి చూస్తే ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది.

అందరికీ ఒకే ఫలితం రాలేదని కూడా చెప్పాలి. బెల్జియంలో ఘెంట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎండిన గ్రీసెతాంగ్ పొడినే పందిపిల్లలకు పెట్టి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఎదుగుదలలోనూ పేగులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంతకుముందు అక్కడే చేసిన మరో పరీక్షలో ఈ.కోలై తగ్గినట్టు కనిపించింది. ఒక్క మాటలో నాచు అని పిలిచేస్తున్నాం గానీ, జాతిని బట్టి, కోసిన చోటును బట్టి, నెలను బట్టి అది వేరే వేరే వస్తువు. స్కాట్లండ్ సంస్థలో డబ్ల్యూ.ఎ.పి. బ్లాక్ 1940ల చివర్లోనే నెలనెలా నాచు కోయించి కొలిచాడు. లామినారియా ఆకులో వసంతంలో లామినారిన్ దాదాపు శూన్యం. ఎండ ఉన్నన్నాళ్లూ కూడబెట్టుకుని శరత్కాలంలో పతాకస్థాయికి చేరుతుంది. తర్వాత చలికాలంలో అది తన దాచుకున్న సొమ్మునే తిని బతుకుతుంది. మార్చిలో కోసిన సంచి, అక్టోబరులో కోసిన సంచి పక్కపక్కన పెడితే పేరొకటే, సరుకు వేరు. పాత పరీక్షల తికమకలో కొంత భాగం ఇక్కడే ఉందని అనిపిస్తుంది.

అయోడిన్ ఇంకొక జాగ్రత్త. లామినారియా జాతులు సముద్రపు అయోడిన్‌ను విపరీతంగా కూడబెడతాయి. పందుల దాణాలో కిలోకు 10 మిల్లీగ్రాములు మించకూడదని యూరప్ నియమం. ఆకును ఆకుగా పెడితే ఆ గీత దాటడం ఎంతో సేపు కాదు. సారం తీసి, కొలిచి, చిటికెడు వాడే పద్ధతికి ఇదీ ఒక కారణం.

డబ్లిన్ పరిశోధనల్లో అన్నిటికంటే ఆలోచింపజేసేది పిల్లకు ఏమీ పెట్టకుండా తల్లికి పెట్టిన పరీక్ష. పంది చూడి కాలం మూడు నెలలా మూడు వారాలా మూడు రోజులని పెంపకందార్లు గుర్తుపెట్టుకుంటారు. ఆ లెక్కన 114 రోజులు. కడుపులో ఉండగా తల్లి రక్తం నుంచి పిల్లకు రోగనిరోధక ప్రతిరక్షకాలు దాటవు. పంది మావి గోడ అలాంటిది. పుట్టిన మొదటి ఒకరోజులో తాగే ముర్రుపాలే దానికి తొలి కవచం. అందుకని ఆడపందికి చూడి 107వ రోజు నుంచి, అంటే ఈనడానికి వారం ముందునుంచి, రోజుకు 10 గ్రాముల నాచు సారం దాణాలో కలిపారు. అందులో లామినారిన్ ఒక గ్రాము, ఫ్యూకోయిడాన్ 0.8 గ్రాము, మిగతాది చాలావరకు ఖనిజాలు. పాలు మాన్పించేదాకా కొనసాగించారు. ముర్రుపాలలో ప్రతిరక్షకాలు పెరిగాయి. ఆ తల్లుల పిల్లల పేగుల్లో ఈ.కోలై తక్కువగా కనిపించింది.

ఐర్లండ్ పడమటి ఒడ్డున లామినారియా మామూలు ఆటుకు బయటపడదు. అమావాస్యకో పౌర్ణమికో వచ్చే పెద్ద ఆటులో, నీరు బాగా లోపలికి తగ్గిన కాసేపు, చేతి వేళ్లలా చీలిన దాని గోధుమరంగు ఆకులు బండల మీద వాలిపోయి తడితో మెరుస్తాయి. శరత్కాలంలో అలాంటి ఆటు రోజులు లెక్కకు కొన్నే. ఆ కొద్ది గంటల్లో కోసిన ఆకు ఎండి, సారం తీసి, పొడిగా మారి, ఈనడానికి వారం రోజులున్న ఆడపంది తొట్టిలో పది గ్రాములై పడుతుంది.